గొట్టం ఉన్నన్నాళ్ళు

దేవుని గూటికి వత్తులు చేసే పని నా చేతిలో నుంచి తీసేసిన రోజు మా అత్త పెద్దగా ఏమీ అనలేదు. నా ముందర ఉన్న పత్తి పళ్ళెం మా తోడికోడలు పంకజాక్షి ముందుకు జరిపి, "నువ్వు ఆ గొట్టంలోకి కావాల్సినవి చేసుకోమ్మే, దేవునివి అది చేస్తాది" అనింది. అంతే. గుప్పెడు పత్తి తీసి విడిగా నా ఒళ్ళో పడేసింది. ఆ పొద్దు నుంచి మధ్యాహ్నం పూట వసారాలో ఆ కొసన పంకజాక్షి, ఈ కొసన నేను. ఒకే పత్తి. ఒకే తీరుగా అరచేతికి విబూది రాసుకొని నులుముతాం. ఆమె వత్తులు నేతిలో తడిసి దేవుని ముందర వెలిగేవి. నావి నా కూతురి గొంతు గొట్టంలో దూరి, చీమిడీ గళ్ళా మోసుకొని వచ్చి పెంటలో పడేవి.

మా హంపమ్మకు రెండేండ్లు నిండీ నిండకముందే గొంతులో తెల్లపొర కమ్ముకుంది. బళ్ళారి పెద్దాసుపత్రికి ఎత్తుకొని పోయేలోపల బిడ్డ నీలంగా తిరిగిపోయింది. సర్జను గొంతు కింద గాటు పెట్టి వెండి గొట్టం దించినాడు. బతికింది. జబ్బు తొందరగానే పోయింది కానీ గొట్టం పోలేదు. తీస్తే ముక్కుతో ఊపిరి తీసుకోవడం మరిచిపోయిన దాని మాదిరి కొట్టుకునేది, మళ్ళీ పెట్టేవాళ్ళు. కొన్నాళ్ళు ఉండనీండి, చూద్దాం అని ఇంటికి పంపినారు. ఆ కొన్నాళ్ళు మూడేండ్లయింది.

అది గొట్టంలో గొట్టం. పైది గొంతులోనే ఉంటుంది, నాడాతో మెడకు కట్టి. లోపలిది తీసి, చాకలిసోడా వేసిన నీళ్ళలో కాచి, వత్తి దూర్చి తుడిచి, మళ్ళీ పెట్టాలి. పొద్దున లేస్తూనే, బువ్వ తినక ముందర, తిన్నాక, పడుకునే ముందర, మధ్యలో ఎప్పుడు గురగురమన్నా అప్పుడు. ఆసుపత్రి నర్సమ్మ కోడి ఈకతో శుభ్రం చేసుకొమ్మని చెప్పి పంపింది. కోమట్ల ఇంట్లోకి కోడి ఈకనా అని అత్త గడపలోనే నిలబెట్టింది. అందుకే వత్తి. నిద్రలో కూడా నా చెవి ఒకటి మేలుకొనే ఉండేది. గొట్టంలో గాలి సన్నగా ఈల వేస్తూ ఉండాలి. ఈల ముదిరిందంటే లెయ్యాలి, ఆగిందంటే ఉరకాలి. మా ఆయన గురురాజకు ఆ ఈల పడలేదు. "కూత వింటా నిద్ర యాడ పడ్తాది? పొద్దున అంగడి తెరవాల్ల గదా" అని పక్క చుట్టుకొని అంగడి మిద్దె మీదికి పోయినాడు. నా అంగడి మూసిందెప్పుడని నేను అడగలేదు.

పోతే పోయినాడు, అన్నానికి వచ్చినప్పుడు ఇంకొకటి మొదలుపెట్టినాడు. నేను అన్నం గరిటె పట్టుకొని వంగినప్పుడు ముక్కు పక్కకు తిప్పి, "నీ చెయ్యి సోడా వాసన కొడ్తాది. వదిన పెడ్తాది లే" అన్నాడు. చెడ్డమాటేమీ కాదు. తిట్టలేదు, కొట్టలేదు. నేను గరిటె పంకజాక్షికి ఇచ్చి దొడ్లోకి పోయి చేతులు మళ్ళీ కడుక్కున్నాను. ఏం కడిగినా పోదు అది. కాగిన వెండి, సోడా, బిడ్డ గొంతు, అన్నీ కలిసి చర్మంలోకి దిగిపోయింది.

పంకజాక్షి చేతులు మాత్రం చందనం సబ్బు వాసన. ఎంత సన్నని వేళ్ళో. మా బావ తిమ్మప్ప అంగట్లో లెక్క తప్పులు చేస్తాడు గానీ పెండ్లానికి మాత్రం పూలు తప్పకుండా తెస్తాడు. పెండ్లయి పదేండ్లయినా పిల్లలు లేరు. ఆ మాట ఇంట్లో ఆమె ఎదురుగా అనరు, ఆమె లేచిపోయినాక అంటారు. నాకు ఆమె మీద జాలి ఉండాల్సింది. లేదు. ఆమె పొద్దున లేచి ముఖం కడుక్కొని మళ్ళీ కాసేపు పడుకోవడం, మధ్యాహ్నం కూడా నడుం వాల్చడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆమె పాపిట నిదానంగా తీసుకోవడం, ఆమె చీర కొంగుకు మరకలు లేకపోవడం, ఆమె పెట్టుకున్న అన్నం ఆమె చివరిదాకా తినడం. ఒక్కసారన్నా గొట్టం దగ్గరికి వచ్చి చూడలేదు. గురగురమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయేది. పోనీలే, ఆ బిడ్డ నాది కదా అనుకునేదాన్ని. ఆ మాట అనుకుంటే కొంచెం చల్లగా ఉండేది.

నాదే అనడానికి నా దగ్గర ఇంకొకటి కూడా ఉండేది. ఎవరికీ తెలియనిది.

ఆ గొట్టం బిడ్డ రెండేండ్లప్పుడు పెట్టింది. బిడ్డ పెరిగింది, గొట్టం పెరగలేదు. దాని పక్కల నుంచి కొంచెం కొంచెం గాలి పైకి పోసాగింది. ఒకరోజు నీళ్ళగదిలో నీళ్ళు కాచే హండే పక్కన కూర్చొని తుడుస్తా ఉంటే నా చూపుడు వేలు గొట్టం మూతి మీద ఒక్క క్షణం ఆనింది. "మ్మా" అనింది బిడ్డ. నేనూ అదీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. భయంతో వేలు తీసేస్తే, మళ్ళీ అదే నా వేలు పట్టుకొని మూతి మీద పెట్టుకుంది. "అమ్మా" అనింది, ఈసారి పూర్తిగా.

అప్పటి నుంచి ప్రతి మధ్యాహ్నం వత్తులయినాక నీళ్ళగది తలుపు దగ్గరికేసుకొని మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం. నా వేలు ఉన్నంతసేపు మాట. చాలనుకుంటే అదే నా వేలు తోసేసి ఊపిరి తీసుకొని మళ్ళీ పెట్టుకునేది. అంగట్లో తక్కెడ కథ ఒకటి చెప్పేది. తక్కెడకు ఆకలంట. ఒక చెయ్యి బెల్లం తింటాదంట, ఇంకో చెయ్యికి రాళ్ళే పెడతారంట, అందుకే అది ఏడుస్తా పైకి లేస్తాదంట. ఇట్లాంటి మాటలు మాట్లాడే బిడ్డను ఇంట్లో అందరూ మూగది అనేవాళ్ళు. నేను చెప్పలేదు. చెప్తే మా అత్త, బిడ్డ ఊపిరి మూస్తాండావా అని నెత్తి బాదుకునేది, నిజమే. కానీ అదొక్కటే కాదు. ఆ ఇంట్లో నాది అని దాచుకోను ఒక పెట్టె లేదు, గంట పొద్దు లేదు. ఆ గొంతు ఉండింది. నా వేలి కింద.

ఆ ఏడు పెద్దాసుపత్రికి గొంతు డాక్టరు ఒకాయన కొత్తగా వచ్చినాడు. చూసి, గొంతులో దారంతా బాగుండాది, అలవాటే తప్పల్ల అన్నాడు. ముందు సన్న గొట్టం వేస్తారు, తర్వాత దానికి సగం బిరడా, తర్వాత పూర్తి బిరడా. ఒక పగలూ ఒక రాత్రీ బిరడాతో నిద్రపోయి లేచిందంటే గొట్టం తీసేయొచ్చు, బొక్క దానంతటదే పూడుకుంటుంది. ఇదంతా ఆయన కన్నడంలో సగం, ఇంగ్లీషులో సగం మా ఆయనకు చెప్పినాడు. నేను బిడ్డనెత్తుకొని పక్కనే నిలబడి ఉండినాను. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ గొట్టంతో కాపురం చేసేదాన్ని, నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగింటే వేలు సంగతి చెప్పేదాన్నేమో.

ఇంటికొచ్చినాక మా అత్త దేవుని గూటికి దండం పెట్టి బయటికొచ్చింది. "గొంతు వచ్చిందంటే బిడ్డను పెద్దోని ఒడిలో వేస్తానని అమ్మవారికి మొక్కినా" అని అందరూ వినేట్టు చెప్పింది. నువ్వు చిన్నదానివి, ఇంకొకటి కంటావు, పంకజాక్షి ఒడి నిండల్ల కదా అని నాకు సర్దిచెప్పింది. నిన్నటిదాకా ఈ ఈలగొట్టాన్ని ఎవరు చేసుకుంటారని నిట్టూర్చింది ఈమెనే. నేను మా ఆయన వైపు చూసినాను. ఆయన చెప్పులేసుకుంటా, "యాడికి పోతాదిమ్మే? ఇదే ఇంట్లోనే గదా. ఒక గది నుంచి ఇంకో గదికి" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. గొట్టం ఉన్నన్నాళ్ళు అది నా కూతురు. గొట్టం పోతే ఇంటి బిడ్డ.

వార్డులో నేనే ఉండినాను. మా అత్త మంచం కాళ్ళ దగ్గర చాప వేసుకొని జపమాల తిప్పుతా కాపలా కూర్చునింది. సన్న గొట్టం వేసినారు, బాగానే ఉండింది. సగం బిరడా నర్సమ్మ నొక్కి పెట్టినప్పుడు మొదలైంది. బిడ్డ రెండు చేతులతో మెడ పీక్కుంటా కండ్లు పెద్దవి చేసి నన్ను చూసింది. వేలయితే తనకు కావాల్సినప్పుడు తోసేస్తాది, బిరడాను తోసేయలేదు కదా. అక్కడ నేను నా వేలు పెట్టి ఉండొచ్చు. నెమ్మదిగా, మన ఆటే ఇది అని. కానీ అత్త చూస్తా ఉండింది. నేను బిరడా పీకేసినాను. మళ్ళీ పెట్టినారు, మళ్ళీ పీకినాను. నా చెయ్యి భయపడింది బిడ్డ ఊపిరి గురించా, అత్త మొక్కు గురించా అంటే, ఇప్పుడు కూడా నేను ఒట్టు పెట్టి చెప్పలేను. డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపినాడు. తల్లి పక్కనుంటే ఇది రాదు, ఇంకెవరినన్నా పెట్టండి అని మా ఆయనకే చెప్పినాడు.

మా ఆయన రిక్షాలో నన్ను ఇంటికి తీసుకొస్తా, దారిలో ఒకే మాటన్నాడు. "ఇన్నాళ్ళూ నీ వల్లనే అన్నమాట."

పంకజాక్షి పోయింది ఆసుపత్రికి. అత్త ఇంటికొచ్చింది. నా పనులన్నీ ఆగిపోయినాయి. హండే కింద మంట పెట్టేదాన్ని, ఏం కాచాలో తెలిసేది కాదు. చెయ్యి దానంతటదే పత్తి తీసుకొని వత్తి నులిమేది. సన్నవి, గొట్టంలోకి సరిపోయేవి. ఒక కుప్ప అయినాయి. నాకు కండ్ల ముందర ఒకటే కనిపించేది. ఆ మంచం మీద నా బిడ్డ, ఆ సన్నని తెల్లని వేళ్ళు దాని నెత్తి నిమరడం. బిరడా నిలవకూడదు అని ఒక్కోసారి మనసులో మాట వచ్చేది. వెంటనే నా నోటి మీద నేనే కొట్టుకునేదాన్ని. బిడ్డ బాగుపడాల. కానీ ఆమె చేతిలో కాదు. సిరుగుప్పలో మా అమ్మకు కబురు పెడదామనుకున్నాను. ఏమని పెట్టాల? నా కూతురికి నయమైతాంది, నాకు ఏడుపొస్తాంది అనా?

గొట్టం తీసినారని కబురొచ్చింది. నేను పోయేసరికి బిడ్డ పంకజాక్షి ఒళ్ళో కూర్చొని ఉంది. గొంతు మీద చిన్న గుడ్డపట్టీ. ముక్కుతో ఊపిరి తీసుకుంటా ఉంది, ఈల లేకుండా, అందరి బిడ్డల మాదిరి. నేను చెవి పెట్టి ఈల కోసం వెతుక్కున్నాను. నన్ను చూసి ఎగిరి నా మీద పడింది. నా వేలు తీసుకొని పట్టీ మీద పెట్టుకొని "అమ్మా" అనింది. అందరూ నవ్వినారు. డాక్టరు పంకజాక్షిని చూపించి, ఈయమ్మ ముందు వేలితో అలవాటు చేసి ఆ తర్వాత బిరడా పెట్టింది, బహళ ఒళ్ళె కెలస అని మెచ్చుకున్నాడు. ఎంత బాగా పని చేసిందో అని మా అత్తకు మళ్ళీ తెలుగులో చెప్పినారు ఎవరో. మా అత్త పంకజాక్షి చేతులు రెండూ కండ్లకద్దుకొని, "ఏం హస్తవాసి తల్లీ నీది" అనింది.

వేలు. నా వేలు. దాన్ని ఆమెకు ఎవరిచ్చినారు? ఇది, ఈ నా కడుపున పుట్టిన పిల్లే ఇచ్చిందా? నా వేలు పట్టుకొని పెట్టుకున్నట్టే ఆమెది కూడా పట్టుకొని పెట్టుకుందా? రిక్షాలో ఇంటికొస్తా బిడ్డ తల నా భుజం మీదే ఉన్నా నాకు పరాయి బిడ్డను మోస్తున్నట్టు ఉండింది.

పట్టీ విప్పినాక వచ్చే శుక్రవారం దీపం పెట్టి ఒడి నింపుతానని అత్త ముహూర్తం చెప్పించింది. గురువారం మధ్యాహ్నం బిడ్డ నిద్రపోతా ఉంది. నీళ్ళగదిలో పంకజాక్షి చేతులకు కొబ్బరినూనె రాసుకుంటా ఉంటే నేను పోయి తలుపు దగ్గరికేసినాను.

"వేలు సంగతి నీకు ఎవరు చెప్పినారక్కా?"

ఆమె తలెత్తలేదు. "ఎవరు చెప్పల్ల? ఈ గోడకు ఆ పక్క ఉండేది నా మంచమే గదా."

"ఎప్పటి నుంచి వింటాండావు?"

"మొదటి నుంచే. తక్కెడ కథ నాకూ వస్తాది" అనింది. నా ముఖం చూసి ఉంటుంది, నూనె గిన్నె పక్కన పెట్టింది. "పగలు పడుకుంటానని మీరందరూ అనుకుంటారు. పడుకుంటే నిద్రొస్తాదా రాజీ? మీరిద్దరూ ఈ పక్క నవ్వుతాంటే."

"మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీకు పేరొస్తాది, మూగబిడ్డను మాట్లాడించిందని. నా కడుపు మండేది. గొట్టం ఉన్నా నీకు బిడ్డ ఉండాది. నాకు గొట్టం కడిగే బాగ్యం కూడా ల్యాదు."

నేను ఎవరి నిద్రను చూసి కుళ్ళుకున్నానో, ఆమె గోడకు చెవి పెట్టి నన్ను చూసి కుళ్ళుకుంటా ఉండింది.

తర్వాత ఆమెనే చెప్పింది. ఆసుపత్రిలో వేలు పెట్టబోతే బిడ్డ ముందు వేలు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసిందంట. చూసి కొరికిందంట. మళ్ళీ పెడితే మళ్ళీ వాసన చూసి తోసేసిందంట. "నా చెయ్యి చందనం వాసన. దానికి కావాల్సింది నీ చెయ్యి. నర్సమ్మను సోడా అడిగి చేతులు నానబెట్టుకుంటి, ఒకటే పనిగా. అప్పుడు కండ్లు మూసుకొని పట్టుకొనింది. ఊపిరి ముక్కుతో తీసుకొనింది. నా చేతిని పట్టుకొనింది కాదు అది. నీది అనుకొనింది." చేతులు తిప్పి చూపించింది. అరచేతులు పగిలి ఎర్రగా ఉన్నాయి. నా అరచేతుల మాదిరే.

నేను ఆమె చేతులు చూస్తానే అడిగినాను. "ఇదంతా అక్కడ అందరి ముందర చెప్పలేదే?"

"ఎవరడిగినారు?" అనింది. మళ్ళీ ఆమెనే, "అడిగినా చెప్పేదాన్ని కాదేమో. ఈ ఇంట్లో నా చెయ్యి మంచిదనింది అదే మొదలు" అనింది.

"రేపు ఒడి పడతావా?"

"పడతా. నీ ముందర అబద్ధమెందుకు?"

శుక్రవారం పొద్దుగూకేముందర దేవుని గూటి ముందర పీట వేసినారు. మా బావ పట్టుపంచె కట్టుకొని వచ్చినాడు. పంకజాక్షి పచ్చచీర కట్టుకొని పీట మీద కూర్చొని కొంగు పరిచి పెట్టుకుంది. మా ఆయన అంగడి నుంచి తొందరగా వచ్చి గుంజకు ఆనుకొని నిలబడినాడు. వత్తులు ఇంకా చెయ్యలేదు. పత్తి పళ్ళెం పంకజాక్షి ముందరే ఉండింది, ఎప్పటి మాదిరే.

నేను బిడ్డనెత్తుకొని వచ్చి పళ్ళెం ముందర కూర్చున్నాను. బిడ్డను నా ఒళ్ళో కూర్చోబెట్టుకొని, పళ్ళెం నా వైపు లాక్కొని పత్తి తీసినాను.

అత్త గొంతు తగ్గించే అనింది. "ఏందిమ్మే ఇది? పో, చేతులన్నా కడుక్కొని రా."

"కడగను అత్తా."

నా గొంతు నాకే కొత్తగా ఉండింది. అరవలేదు నేను. వత్తి నులుముతా, పనిలో మాట్లాడినట్టే చెప్పినాను. "ఈ వాసన పట్టుకొనే బిడ్డ ముక్కుతో ఊపిరి తీసుకొనింది. అక్కను అడుగు. ఆమె చేతులు సోడాలో నానబెట్టుకొనింది, నా చెయ్యి మాదిరి చేసుకోవడానికి. ఈ వేలితో నేను దాన్ని రెండేండ్లు మాట్లాడించినాను, ఈ గోడ పక్కనే. డాక్టరు నన్ను అడగలేదు, మీరూ అడగలేదు. బిడ్డను ఒడిలో వెయ్యను."

"మొక్కు" అనింది అత్త.

"మొక్కింది నువ్వు. కనింది నేను."

మా ఆయన గుంజ దగ్గర కదిలినాడు. నేను ఆయన వైపు తిరిగి, ఆయన మాటే ఆయనకు ఇచ్చినాను. "ఇదే ఇంట్లోనే గదా. అక్కకు చూడాలనిపిస్తే ఒక గది నుంచి ఇంకో గదికి పోయొస్తాది. ఒడి మార్చే పనేముంది?"

మా బావ పట్టుపంచె కొస సర్దుకుంటా ఉన్నాడు. పంకజాక్షి పరిచిన కొంగు పరిచినట్టే ఉంది. ముడుచుకోలేదు, లేవలేదు. ఆమె కండ్లు నా బిడ్డ మీదే ఉన్నాయి. ఆ చూపు నాకు తెలుసు. వసారాలో ఈ కొసన కూర్చొని ఆ కొసకు నేను చూసిన చూపు అది.

అప్పుడు బిడ్డ నా చూపుడు వేలు పట్టుకుంది. గొంతు మీద పెట్టుకోబోయింది. అక్కడ బొక్క పూడి గోరంత మచ్చ మిగిలింది, అంతే. అది ఏదో చెప్పాలనుకుంటా ఉంది, వేలు లేకుండా రాదనుకుంటా ఉంది. ఆ ఘడియ నాకు ఎంత తీపిగా ఉండిందో చెప్పలేను. అందరూ చూస్తా ఉన్నారు. నేను వేలు పెడితే చాలు, ఆ గొంతు నాదని ఇంటికంతా తెలిసిపోతుంది.

వేలు వెనక్కి తీసుకున్నాను. "వేలు వద్దు. అట్లే చెప్పు" అన్నాను.

బిడ్డ నా ముఖం చూసింది. గొంతు మీద చెయ్యి పెట్టుకొని తడుముకుంది. నోరు తెరిచి, ముక్కుతో గాలి పీల్చుకొని, ఇల్లంతా వినేట్టు చెప్పింది.

"అమ్మా, పెద్దమ్మ ఏడుస్తాండాది."

ఎవరి వేలూ లేకుండా అది చెప్పిన మొదటి మాట ఆమె గురించి. నాకు గుచ్చుకుంది. గుచ్చుకోనీ అనుకున్నాను. నా చేతిలో వత్తి సగం అయి ఉంది, దాన్ని పూర్తి చేసినాను. ఇంకొక పిడికెడు పత్తి పళ్ళెంలో విడదీసి, పళ్ళాన్ని ఆమెకూ నాకూ నడిమికి జరిపినాను.

బిడ్డను జరపలేదు.